మెడకు కట్టిన చేతిరుమాలు

గమ్లియేల్ సర్ఫాతీకి కళ్ల మీద నమ్మకం తక్కువ, వేళ్ల మీద ఎక్కువ. వయసంతా టెలిఫోన్ తీగల మీద గడిపినవాడికి ఆ అలవాటు రావడంలో వింత లేదు. కింద నిలబడి చూస్తే ప్రతి తీగా బాగానే కనిపిస్తుంది. నిచ్చెన ఎక్కి తడిమితేనే ఎక్కడ నలిగిందో, ఎక్కడ తుప్పు లోపలికి తిన్నదో తెలుస్తుంది.

ఉద్యోగం నుంచి దిగిపోయాక పేటవాళ్లు అతనికి మరో తీగ అప్పగించారు. అందులో మాటలూ పారవు, కరెంటూ పారదు. జెరూసలేం పడమటి అంచున, కొండవాలు మీద ఉన్న ఆ పేట చుట్టూ గుంజ నుంచి గుంజకు సాగి, తిరిగి మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది. ఆ తీగ నిలిచి ఉన్నంతసేపూ పేటంతా ఒకే ఇల్లు కింద లెక్క. సబ్బాతు నాడు, అంటే శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చీకటి పడేదాకా, ఇంటి బయట ఏ వస్తువూ మోయకూడదన్నది నియమం. తీగ లోపల మాత్రం పసిబిడ్డను ఎత్తుకోవచ్చు, తాళంచెవి జేబులో వేసుకోవచ్చు, పక్కింటికి కూరగిన్నె పట్టుకుపోవచ్చు. ఒక్కచోట తెగిందంటే ఆ పెద్ద ఇల్లు కూలినట్టే.

ప్రతి శుక్రవారం పొద్దున గమ్లియేల్ చుట్టంతా నడిచేవాడు. మధ్యాహ్నానికి పేటవాళ్ల ఫోన్ల గుంపులో 'తీగ బాగుంది' అని ఒక్క ముక్క పెట్టేవాడు. ఆ ముక్క చూశాకే ఆడవాళ్లు పిల్లల బండ్లు బయటికి తీసేవారు.

దేవుడున్నాడా అని ఎవరైనా అడిగితే, "ఆ స్తంభం నేనింకా ఎక్కలేదు," అనేవాడు.

భార్య సిమ్హాకు ఈ మాట గిట్టేది కాదు. "ఉన్నాడో లేడో తెలియని దేవుడి తీగని ఇంత పట్టుగా చూడ్డమేంటయ్యా నువ్వు?"

"తీగని నమ్మినవాళ్లు నన్ను నమ్మారే. వాళ్లు ఉన్నారు కదా."

ఈ చుట్టులో అతనికి తోడు దొరికేది ఒక్కచోటే. లోయ వైపు వాలులో పేట తోట ఉంది. ఆ తోటమాలి వజీహ్, లోయ అవతలి అరబ్బుల ఊరివాడు. నిచ్చెన పట్టుకునేవాడు, పుదీనా వేసి టీ కాచి ఇచ్చేవాడు. మొరాకో నుంచి వచ్చిన తల్లి నేర్పిన అరబ్బీలో గమ్లియేల్ మాట్లాడుతుంటే నవ్వు ఆపుకునేవాడు. పెద్దకొడుకు పేరు కలిపి పిలవడం వాళ్ల మర్యాద. గమ్లియేల్ వజీహ్‌కి అబూ షిమోన్, అంటే షిమోన్ తండ్రి.

"అబూ షిమోన్, ఇంత సన్నటి తీగ మీ దేవుడికి పైనుంచి కనబడుతుందంటావా?"

"నాకే కనబడదురా, కళ్లద్దాలు లేకపోతే. ఆయన సంగతి నాకేం తెలుసు? నువ్వు నిచ్చెన సరిగ్గా పట్టు."

ఆ వసంతంలో ఊరు బాగాలేదు. బస్టాపులో ఒకడు కత్తితో ఇద్దరిని పొడిచాడు. పట్టుబడ్డవాడిని వార్తల్లో పొద్దున 'అనుమానితుడు' అన్నారు, సాయంత్రానికి ఆ మాట రాలిపోయింది. బస్సులో అరబ్బీ వినబడితే తలలు తిరుగుతున్నాయి. గమ్లియేల్ కూడా తోట దాటాక అరబ్బీ మానేసి హీబ్రూలోకి మారేవాడు. ఎందుకు మారుతున్నాడో తనను తాను అడగలేదు.

ఒక శుక్రవారం పొద్దున చుట్టు ముగించి, తీగ బాగుందని కబురు పెట్టి, సబ్బాతుకు స్నానం చేయబోతుంటే ఫోను మోగింది. లోయ వైపు ఇంటావిడ. "తీగ దారి మీద పడి ఉంది, గమ్లియేల్. గుంజే లేదు."

పరుగున వెళ్లాడు. తోట పక్కన ఉండాల్సిన పాత కర్రగుంజ మొదలంటా కోసి ఉంది. మిగిలిన మొద్దు మీద అప్పుడే రాలిన రంపపు పొట్టు. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాడు. ఆ పొద్దున వజీహ్ రంపంతో ఎండుకొమ్మలు కొట్టడం చూశాడు. ఒక పేరు మనసులోకి వచ్చింది. చేతి మీద వాలిన ఈగను విదిలించినట్టు దాన్ని విదిలించాడు. కానీ అది వచ్చింది.

గుంజ నిలబెట్టే వేళ లేదు. సూర్యుడు కొండ మీదికి దిగాడు. తిన్నగా పేట మతగురువు రబ్బీ అజ్రియేల్ ఇంటికి వెళ్లాడు. రబ్బీ అప్పటికే తెల్లచొక్కా వేసుకుని, గడ్డం దువ్వుకుంటున్నాడు. విని దువ్వెన కింద పెట్టాడు.

"ఎవరికీ చెప్పకు."

"చెప్పకపోతే బండ్లు తోస్తారు, రబ్బీ. పుస్తకాలు మోస్తారు."

"చెప్తే మానేస్తారా? సగంమంది మానరు. పసిపిల్లల తల్లులు రోజంతా ఇంట్లోనే కూర్చోలేరు. తెలిసి మోసేకంటే తెలియక మోయడం తక్కువ తప్పు. ఇది నేను పుట్టించింది కాదు, పెద్దల తీర్పు."

ఆ తీర్పు గమ్లియేల్‌కూ తెలుసు. వినరని తెలిసినచోట నోరు మూసుకోవడం దయ అని చిన్నప్పుడు చదివాడు. ఆ దయ తన నోటి మీద పడడం ఇదే మొదలు.

మర్నాడు పేటంతా వీధుల్లో ఉంది. బండ్లలో పిల్లలు, సంకల్లో ప్రార్థన పుస్తకాలు. గమ్లియేల్ చేతిరుమాలును జేబులో పెట్టుకోకుండా మెడకు చుట్టి ముడివేసుకున్నాడు. మెడకు కడితే అది బట్టల్లో భాగం, మోసే వస్తువు కాదు. తీగ లేని ఊళ్లలో పాతకాలపువాళ్లు అలాగే కట్టుకునేవారు. సిమ్హా ఆ ముడి చూసింది. చెల్లెలింటికి పంపాలని తీసిపెట్టిన ఎర్రమిరప చేపల గిన్నెను తిరిగి లోపల పెట్టేసింది.

సబ్బాతు వెళ్లగానే నఫ్తాలికి ఆ మొద్దు సంగతి తెలిసింది. పేట సంఘం కార్యదర్శి అతను. ఫోన్ల గుంపూ, ప్రార్థనా మందిరంలో శుక్రవారం పంచే వార్తాపత్రికా అతని చేతిలోవే. ఆదివారం పొద్దునకల్లా గుంపులో ఫోటో వచ్చింది. 'మన సబ్బాతును రంపంతో కోశారు. రంపం ఎవరి చేతిలో ఉందో అందరం చూశాం.' పేరు రాయలేదు. రాయనక్కర్లేదు కూడా. మధ్యాహ్నానికి సంఘం వజీహ్‌ను పనిలోంచి తీసేసింది.

గమ్లియేల్ వెళ్లేసరికి వజీహ్ పనిముట్లు సంచిలో సర్దుకుంటున్నాడు. రంపం పైకెత్తి చూపించాడు. "ఇది కొమ్మల రంపం, అబూ షిమోన్. దీంతో ఆ గుంజ కొయ్యాలంటే రేపటిదాకా కొయ్యాలి. ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నా. ఎవరూ అడగలేదు."

గమ్లియేల్ అదే రోజు నఫ్తాలికి ఆ మాట చేరవేశాడు. "రంపాలు ఒక్కటే ఉంటాయా వాడి దగ్గర?" అన్నాడు నఫ్తాలి.

ఆ వారమే మంటల పండుగ. ఒకప్పటి జ్ఞాని వర్ధంతికి ఊరూరా మంటలు వేస్తారు. దానికి వారాల ముందు నుంచీ పిల్లలు సూపర్ మార్కెట్ బండ్లు ఎత్తుకొచ్చి, దొరికిన చెక్కనల్లా అందులో పడేసి లాక్కుపోతుంటారు. పాత తలుపులు, మంచపు పట్టెలు, ఇళ్లు కట్టేచోటి బల్లలు, ఏదీ మిగలదు. పెద్దవాళ్లు చూసీ చూడనట్టుంటారు. తమ చిన్నప్పుడు తామూ చేసిందే.

బడి వెనక మైదానంలో మంట ఇల్లంత ఎత్తు లేచింది. రబ్బీ పాడాడు, నఫ్తాలి పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని ఆడాడు. గమ్లియేల్ చేతిలో ఎవరో నిప్పుల్లో కాల్చిన బంగాళదుంప పెట్టారు. ఉప్పద్దుకుని తిన్నాడు. బాగుంది.

తెల్లారాక కొత్త గుంజకు మేకులు కావాలనిపించింది. కాలిన చెక్కల్లో మంచి మేకులు దొరుకుతాయని మైదానానికి వెళ్లి, బూడిద కర్రతో కెలికాడు. మేకుల మధ్య ఒక కొక్కెం తగిలింది. నల్లబడ్డ ఆ కొక్కెం మెడకు రాగితీగ మూడు మెలికలు తిరిగి, కొస లోపలికి దోపి ఉంది. టెలిఫోన్ రోజుల నుంచి అతని చేతికి వచ్చిన కట్టు అది. తీగ మోసే ప్రతి గుంజ మీదా అతనే వేశాడు. కళ్లు మూసుకుని వేలితో తడిమాడు. తన సంతకాన్ని కూడా అంత గట్టిగా గుర్తుపట్టి ఉండడు.

అలాగే బూడిద చేతులతోనే నఫ్తాలి ఇంటికి వెళ్లాడు. నఫ్తాలి కాఫీ తాగుతున్నాడు.

"ఏంటిది?"

"మన గుంజ మీది కొక్కెం. మన మంటలో దొరికింది. పిల్లలు కోసుకుపోయారు నఫ్తాలీ, పండక్కి."

నఫ్తాలి దాన్ని కాగితం మీద పెట్టించి, వేలు తగలకుండా చూశాడు. "ఇనప కొక్కెం. ఊళ్లో ఇలాంటివి ఎన్ని ఉండవు?"

"కట్టు నాది."

"నీదని నువ్వంటున్నావు. ఇంకెవరైనా చూశారా? మన ధర్మంలో ఒక్క సాక్షి మాట చెల్లదు, నీకు తెలుసు."

"వజీహ్ కోస్తుంటే చూసిన ఇద్దరు సాక్షులు ఎవరు?"

"అది కోర్టు కాదు. మన జాగ్రత్త కోసం తీసేశాం." నఫ్తాలి గొంతు తగ్గించాడు. "సరే, నీదే అనుకుందాం. వాడే కోసి పిల్లలకిచ్చి ఉండొచ్చుగా? కాదంటావా?"

"ఉండొచ్చు. నువ్వే కోసి ఇచ్చి ఉండొచ్చు కూడా."

"పొద్దున్నే వాదనకొచ్చావా, టెలిఫోనాయనా? చేతులు కడుక్కో, కాఫీ తాగు."

గమ్లియేల్ కాఫీ తాగలేదు. రబ్బీ ఇంటి దాకా దారంతా ఒకే ఆలోచన. ఒకసారి బాగుందని చూసిన తీగను, తెగిందని తేలేదాకా బాగున్నట్టే ఎంచమంది వాళ్ల శాస్త్రం. శుక్రవారం చూసిన తీగ శనివారమంతా నమ్మకం మీదే నిలబడుతుంది. ఏళ్ల తరబడి నిచ్చెన పట్టుకున్న మనిషిని ఆ లెక్కలో ఎవరూ వేయలేదు. ఇంకా బాధించింది నఫ్తాలి సందేహం. అది మంచి సందేహమే, తాను జీవితమంతా గౌరవించిన రకమే. కాకపోతే నఫ్తాలికి అడ్డొచ్చిన దాని మీదే అది నిద్రలేచింది.

రబ్బీ కొక్కేన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. నమ్మాడు. ఆ మాట అన్నాడు కూడా. తర్వాత కొక్కెం తిరిగి ఇచ్చేశాడు.

"ఇప్పుడు చెప్తే వింటారనుకుంటున్నావా? ఊరి మనసెలా ఉందో చూస్తున్నావుగా. వినరు. ఇవాళ తెలియక ఒకడికి అన్యాయం చేశారు. రేపు తెలిసి చేస్తారు. ఎందుకు వాళ్లని అంత దూరం తోయడం?"

"రబ్బీ, ఆ తీర్పు తప్పు చేసేవాళ్ల పాపం తగ్గించడానికి. దెబ్బ తిన్నవాడి మాట అందులో లేదు."

రబ్బీ టేబుల్ మీది పుస్తకం అంచును బొటనవేలితో రుద్దాడు. "సమయం చూసి నెమ్మదిగా నఫ్తాలితో అంటాను," అన్నాడు చివరికి. ఆ సమయం ఎప్పటికీ రాదని ఇద్దరికీ తెలుసు. రబ్బీ చెడ్డవాడు కాడు. అలసిపోయినవాడు, పేటను ముక్కలు కాకుండా పట్టుకోవడమే ధర్మమనుకునేవాడు.

శుక్రవారం గమ్లియేల్ ఒక్కడే నిచ్చెన మోసుకెళ్లి, కొత్త గుంజ నిలబెట్టి, తీగ కట్టి, చుట్టు పూర్తిచేశాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి ఫోను తీశాడు. సిమ్హా సబ్బాతు రొట్టెల మీద గుడ్డ కప్పుతోంది.

"పెట్టాక మనతో ఎవరూ మాట్లాడరు. తెలుసు కదా?" అంది.

"తెలుసు. వద్దంటావా?"

"వద్దంటే మానేస్తావా? నీ కొడుకుల పెళ్లిళ్లైపోయాయిలే. పెట్టు."

పెట్టాడు. 'తీగ బాగుంది. పోయినవారం పోయిన గుంజ మన పండుగ మంటలోనే కాలింది. దాని కొక్కెం నా దగ్గరుంది. వజీహ్ పేరు అన్యాయంగా చెడింది.'

దీపాలు వెలిగించే వేళకల్లా ఆ కబురు గుంపులో లేదు. దాని చోట నఫ్తాలిది మరొకటి ఉంది. 'తీగ బాగుంది. సబ్బాతు శుభాకాంక్షలు.' ఆ తర్వాతి వారం వార్తాపత్రికలో, గమ్లియేల్ సర్ఫాతీ అనారోగ్యం వల్ల తప్పుకుంటున్నారనీ, ఆయన సేవలకు పేట కృతజ్ఞతలు తెలుపుతోందనీ రాశారు. తీగ చూడడానికి నఫ్తాలి మేనల్లుణ్ణి పెట్టారు. అతను కారులోంచి దిగకుండా చూసిపోతాడని చెప్పుకున్నారు.

గమ్లియేల్ బస్సెక్కి లోయ అవతలికి వెళ్లాడు. వజీహ్ వాకిట్లో కుర్చీ వేసి యాలకుల కాఫీ పోశాడు. కప్పు ఖాళీ అయ్యేదాకా వచ్చిన పని ఎత్తకూడదన్నది అక్కడి మర్యాద. ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు. వజీహ్‌కి రాళ్లు కోసేచోట పని దొరికింది. గోళ్ల సందుల్లో తెల్లటి పొడి.

కప్పు కింద పెట్టి గమ్లియేల్ కొక్కెం బయటికి తీశాడు. అంతా చెప్పాడు. వజీహ్ దాన్ని తీసుకుని, రాగి మెలికల మీద వేలు నడిపించి నవ్వాడు. "నీ కట్టే. నిచ్చెన కింద నిలబడి ఎన్నిసార్లు చూశానో."

"మళ్లీ రమ్మనేలా చేస్తాను. ఇంకా అడుగుతాను."

"వద్దు. పిలిచినా రాను." కొక్కెం తిరిగి గమ్లియేల్ చేతిలో పెట్టాడు. "ఒక్కటి అడుగుతా, అబూ షిమోన్. నువ్వు అబద్ధం ఆడవు కాబట్టి నిన్నే అడుగుతున్నా. ఆ మొద్దు చూసిన మొదటి నిమిషంలో నీకు నేను గుర్తొచ్చానా?"

గమ్లియేల్ తల వంచి, కొక్కెం మీది రాగి మెలికల్ని వేలితో ఒక్కొక్కటే తడిమాడు. వజీహ్ ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చి బస్టాపు దాకా సాగనంపాడు. మర్యాదలో ఏ లోటూ చేయలేదు.

ఆ సబ్బాతు నాడు గమ్లియేల్ మందిరానికి వెళ్తుంటే, పిల్లల బండి తోసుకొస్తున్న ఒకావిడ అతని మెడ చూసి ఆగింది.

"అదేంటి, రుమాలు కట్టుకున్నారు? తీగ బాగానే ఉందటగా?"

"బాగానే ఉందట," అని గమ్లియేల్ పక్కకు తప్పుకుని, బండికి దారి ఇచ్చాడు.