ఫ్రెంచి సినిమాకి ఇంటర్వెల్

2008 నవంబరులో అమెరికాలో ఎడిసన్‌లోని ఒక రెండు తెరల థియేటర్‌కి మేనేజరుగా చేరాను. శుక్రవారం నుంచి ఆదివారం దాకా తెలుగు సినిమాలు, మిగతా రోజుల్లో విదేశీ చిత్రాలు. నేను చేరిన వారం ఒక ఫ్రెంచి సినిమా వచ్చింది. హైస్కూలు పిల్లల ప్రేమలు. అందరూ చూడచక్కగా ఉంటారు, అందరూ దిగులుగానే ఉంటారు. ఎందుకో మాత్రం ఒక్కరూ చెప్పరు.

అప్పట్లో సినిమా రీళ్ళుగా డబ్బాల్లో వచ్చేది. ఆపరేటర్ వాటన్నిటినీ ఒకటిగా అతికించి పెద్ద పళ్ళెం మీద చుట్టేవాడు. ఫిల్ము అంచున వెండిరేకు ముక్క ఎక్కడ అంటిస్తే అక్కడ యంత్రం ఆగి, హాల్లో లైట్లు వెలుగుతాయి. మా ఆపరేటర్ వెంకటేశ్వర్లు గుంటూరులో చెయ్యి తిరిగినవాడు. ఇంటర్వెల్ లేని సినిమా ఒకటి ఉంటుందన్న ఊహే అతనికి లేదు. అలవాటు చొప్పున మధ్యలో రేకు అంటించేశాడు.

తెరమీద అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి ఏడుస్తుండగా లైట్లు వెలిగాయి. నేను కంగారుగా లాబీలోకి పరిగెత్తాను. అమెరికన్ ప్రేక్షకులు మాత్రం, పాపం, ఇది ఇక్కడి పద్ధతి కాబోలనుకుని బుద్ధిగా సమోసాల వరసలో నిలబడ్డారు.

తెలుగు సినిమాలకి వారం వారం వచ్చే ప్రసాద్ గారు కూతురు మేఘనని వెంటబెట్టుకుని నేరుగా నా దగ్గరికొచ్చారు. ఆ పిల్ల స్కూల్లో ఫ్రెంచి చదువుతోంది, భాషకి పనికొస్తుందని తీసుకొచ్చారట. స్కూలు పిల్లలంటారు, ఒక్కడైనా పుస్తకం తెరిచిన పాపాన పోలేదేమండీ అని నన్ను నిలదీసి, ఇంటికి పోదాం పదమని కూతురితో అన్నారు.

మేఘన కదల్లేదు. "నాన్నా, ఆ అమ్మాయిలాగే నేనూ శాడ్‌గా ఉన్నాను. సమ్మర్ నుంచి. ఇంట్లో ఎవ్వరూ అడగలేదు."

"ఎవరమ్మా ఆ అబ్బాయి?" అన్నారాయన.

"అబ్బాయి ఎవరూ లేరు నాన్నా. శ్రుతి వాళ్ళు అంత దూరం అల్ఫారెట్టాకి మూవ్ అయిపోయారు కదా. లంచ్ ఒక్కదాన్నే తింటున్నా."

పైనుంచి వెంకటేశ్వర్లు ఫోన్ చేసి, మొదలుపెట్టమంటారా అని అడిగాడు. ఆగమన్నాను. తండ్రీకూతుళ్ళు లాబీ సోఫాలో కూర్చున్నారు. అమెరికన్లు రెండో విడత సమోసాలు కొనుక్కున్నారు. చివరికి ప్రసాద్ గారే లేచి, ఆ అమ్మాయి సంగతి ఏమవుతుందో చూద్దాం పదమని కూతురితో లోపలికి నడిచారు.

వెంకటేశ్వర్లుని నాలుగు చీవాట్లు పెట్టాల్సింది పోయి, టీ ఇప్పించాను. ఆ పూట ఇంటికెళ్ళి ఎలా ఉన్నావురా అని మా అబ్బాయిని నేనూ అడిగాను. వాడికీ చెప్పడానికి చాలానే ఉంది. అందుకు వెంకటేశ్వర్లుకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. నేను నేర్చుకున్నది ఇంతే: షో టైముకి మొదలవ్వాలి, ఇంటర్వెల్ మాత్రం లాబీలో మాటలు అయ్యాకే ముగియాలి.