ఇంజిన్ మింగిన మా చిన్నాయన

మా చిన్నాయన పోయిన సంగతి తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. “అన్నా, ఇంజిన్ మింగినోడు పోయినాడు. మధ్యాన్నం ఎత్తుతారంట. వస్తాండావా?” అన్నాడు. ఎనభై దాటిన మనిషి, నలభై ఏళ్లు ఒకే నేలను దున్నిన మనిషి పోతే, సొంత అన్న కొడుకు నోట చివరికి మిగిలిన పేరు అదీ. ఆ మాట అన్న గొంతులో ద్వేషం లేదు, వెటకారం కూడా లేదు. అలవాటు, అంతే. నాకు ఒళ్లు మండింది అందుకే.

హిందూపురం నుంచి పెనుకొండకు బస్సులో, అక్కడి నుంచి మా ఊరికి ఆటోలో వెళ్లాను. నేను చేరేసరికి పాడె కట్టేశారు. బతికుండగా ఆ గడప తొక్కనివాళ్లు చాలామంది అరుగు మీద కూర్చొని ఆయన మంచితనం గురించి చెప్పుకుంటున్నారు. జీవితమంతా ధర్మవరం స్టేషన్లో టికెట్లు కొట్టి, మిగిలిన సమయంలో దొరికిన పుస్తకమల్లా చదివినవాణ్ణి నేను. ఆ చదువు వల్ల నాకు మనుషుల మీద ప్రేమేమీ పెరగలేదు. పొగడ్త ఎంత చవకగా వస్తుందో మాత్రం తెలిసింది. కాబట్టి ఇక్కడ ఆయన్ని పొగడను. ఆయన కోపిష్టి. పెళ్లిళ్లకు వచ్చేవాడు కాదు, వచ్చినా భోజనానికి ఆగేవాడు కాదు. మంచినీళ్లు అడిగిన మనిషిని కూడా “చేతులు లేవా?” అనగలడు. అయినా ఆయన మీద పడ్డ పేరు ఆయనది కాదు. ఇది రాస్తున్నది అందుకు.

మాది అప్పట్లో ఉమ్మడి కుటుంబం. మా నాయన పెద్దవాడు, చిన్నాయన ఆయనకు ఒక్కడే తమ్ముడు. ఇంట్లో ఒక ట్రాక్టరు ఉండేది. కొన్నది నాయన, తోలేది చిన్నాయన. ఒక ఏడు దసరా దాటాక, వేరుశనగ పీకేసిన చేలో దున్నుతుంటే ఇంజిన్ పట్టేసింది. లోపల నూనె పారకపోతే ఇనుముతో ఇనుము రాసుకొని, కాలి, బిగుసుకుపోతుంది. దాన్ని ముందే పసిగట్టడానికి స్టీరింగు ముందు ఆయిల్ మీటరు ఉంటుంది. దాని ముల్లు సున్నాకు పడితే ఎవరైనా సరే బండి ఆపాలి. చిన్నాయన ఆపలేదు.

నాయన గట్టు మీద నిలబడి ఊరంతా వినేలా అరిచాడు. “కండ్లు యాడ పెట్టుకొని తోలినావురా? నా ఇంజిన్ మింగేస్తివి గదరా!” ఆ మాట ఊరికి నచ్చింది. మా ఊళ్లో ఒక పేరు నచ్చిందంటే దాన్ని పోగొట్టడం దేవుడి తరం కూడా కాదు. భాగాలు పంచుకున్నప్పుడు ఆ చచ్చిన ట్రాక్టరు చిన్నాయన వంతుకు వచ్చింది. “నువ్వు చంపిన పీనుగను నువ్వే ఎత్తుకో” అన్నాడట నాయన. చిన్నాయన మారు మాట్లాడకుండా రెండు జతల ఎద్దులు కట్టి దాన్ని తన కొట్టం ముందుకు లాక్కుపోయాడు. అప్పటి నుంచి ఆయన ఇంజిన్ మింగినోడు, ఆయన ఇల్లు ఇంజిన్ మింగినోల్ల ఇల్లు, బడికి పోయే ఆయన కొడుకు ఇంజిన్ పిల్లోడు. ఇప్పుడు మనవరాలిని కూడా తోటి పిల్లలు అలాగే పిలుస్తున్నారని విన్నాను. ఆ పిల్లకు ట్రాక్టరు ఎక్కడమే రాదు.

కొన్నేళ్లకు చిన్నాయన ఇంజిన్ బాగు చేయించి ట్రాక్టరును మళ్లీ నడిపించాడు. కానీ దాని మీటర్లన్నీ అరిగి చచ్చి ఉన్నాయి. అలాంటి పాత బండికి మీటర్లు దుకాణాల్లో దొరకవు, దొరికినవి ఆ గుంతల్లో కూర్చోవు. మెకానిక్కులు వాటిని పీకి పారేసి, రంధ్రాలకు రేకు కొట్టించుకోమన్నారు. “ఇప్పుడు మీటర్లు ఎవరు చూస్తారు పెద్దాయనా?” అని ఒకడు నవ్వాడట. ఆ నవ్వే ఆయన్ని పట్టుకుంది. ఇక చివరిదాకా అదే పని.

మీటరు చుట్టూ ఉన్న రేకు కట్టును కొంచెం కొంచెంగా, పగలకుండా లేపడంతో మొదలయ్యేది. ఆత్రపడితే కట్టు చీలుతుంది, చీలిన కట్టుకు మందు లేదు. చాలా పాడుచేశాడు. పాడైన ప్రతిసారీ చిన్నమ్మను తిట్టేవాడు. లోపల వంగిన ఇత్తడి గొట్టం, దాని కొనకు చిన్న పళ్ల చక్రం, దానికి ముల్లు. బండి ఏళ్ల తరబడి ఒకే ఒత్తిడి మీద నడుస్తుంది కాబట్టి చక్రంలో నడిమి పళ్లే అరుగుతాయి, పక్కవి కొత్తగానే ఉంటాయి. చిన్నాయన చక్రాన్ని కాస్త జరిపి ఆ పక్క పళ్లకు పని పెట్టేవాడు. “ఇంట్లో కూడా అంతే అబ్బీ. ఒగడు అరిగిపోతాంటాడు, పక్కనోడు తళతళ మెరుస్తాంటాడు” అన్నాడొకసారి. ఎవరి గురించి అన్నాడో నేను అడగలేదు.

పగిలిన అద్దాలకు హిందూపురంలో పటాలు కట్టే అంగడికి వచ్చేవాడు. గుండ్రంగా కోయమంటే అంగడివాడు విసుక్కునేవాడు, ఈయన అంతకంటే ఎక్కువ విసుక్కునేవాడు. అంకెలు చెరిగిపోయిన పలకలు తీసుకొని ధర్మవరం వెళ్లి, పట్టుచీరల అంచులకు డిజైను గీసే ఒక నేతాయన చేత రాయించేవాడు. ఆ నేతాయన మొదటిసారి అలవాటు కొద్దీ సున్నా చుట్టూ సన్నటి మామిడి పిందె గీసిపెట్టాడు. చిన్నాయన దాన్ని చూసి “ఇది పెండ్లికూతురు కట్టుకునేది కాదప్పా!” అని బజారులో గొడవేసుకున్నాడు. కానీ ఆ పలకను మార్చలేదు. చివరిదాకా ఆ పిందె ఆయన వేడి మీటరు మీద ఉంది.

ముల్లు నిజం చెబుతోందో లేదో తేల్చుకోవడానికి పెనుకొండలో పంచరు అంగడికి పోయేవాడు. గాలి గొట్టానికి మీటరు తగిలించి, అంగడివాడి మీటరుతో పోల్చి చూసేవాడు. టైర్లతో వచ్చినవాళ్లు ఎండలో కాచుకొని తిట్టుకునేవాళ్లు. ఆయనకు వినపడేది కాదు, లేదా వినపడనట్టు ఉండేవాడు.

చిన్నచిన్న మరలు దొర్లిపోకుండా ఇడ్లీ పళ్లెం గుంతల్లో వేసుకునేవాడు. చిన్నమ్మకు దాని మీదే యుద్ధం. “నా పళ్లెం ఇస్తావా ఇయ్యవా?” అంటే, “మరలు ఉడకబెట్టినాను, ఉండు” అనేవాడు. “అయితే ఆ మరలే ఉడకబెట్టుకొని తిను” అని ఆమె వెళ్లిపోయేది. కొత్త పళ్లెం కొని పెడదామని నేనంటే ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు.

మెల్లగా పాత ట్రాక్టర్లున్న రైతులు తమ మీటర్లు కూడా తెచ్చివ్వడం మొదలుపెట్టారు. ఆయన అందరివీ బాగుచేశాడు, తన బండి మీద మిగతావీ బాగుచేసుకున్నాడు. ఆ ఒక్క ఆయిల్ మీటరు మాత్రం ముట్టుకోలేదు. ఇంజిన్ బాగయ్యాక తొలిసారి లేచిన దాని ముల్లు నడి మధ్యలోనే ఇరుక్కుపోయి ఉండేది. “చచ్చిన ముల్లు సున్నా కాడ ఉంటాది, దానితో ప్రమాదం లేదు. నడుమ ఇరుక్కున్నదే కొంపలు ముంచేది, అంతా బాగుండాదని చెప్తాంటాది” అనేవాడు. నా ఉద్యోగంలో అలాంటి అధికారులను చాలామందిని చూశాను.

ఒకనాడు నేను వెళ్లేసరికి ఆ ఆయిల్ మీటరే విప్పుతున్నాడు. కట్టు లేచింది. అద్దం అంచున, లోపల పలక మీద, ఎర్రటి గట్టి మడ్డి పేరుకొని ఉంది. తుప్పు అనుకున్నాను. ఆయన గోటితో గీకి చూపించాడు. “తుప్పు కాదురా. కుంకుమ.”

దసరాకు ఆయుధ పూజ చేసినప్పుడు మా వైపు ట్రాక్టరును కడిగి, విభూతి పట్టెలు తీసి, గంధం కుంకుమ పెడతారు. ఆ ఏడు మా నాయన గుండ్రంగా ముఖంలా ఉందని ఆయిల్ మీటరు అద్దం మీదే గంధం మెత్తి, పెద్ద బొట్టు పెట్టాడు. అద్దం సగం, ముల్లు పడే చోటు మొత్తం మూసుకుపోయింది. తడి కుంకుమ అంచు సందులోంచి లోపలికి కూడా దిగింది. చిన్నాయన తుడవబోతే చెయ్యి పట్టుకొని ఆపాడు. అమ్మవారి బొట్టు తుడిస్తే ఇంటికి అరిష్టమనీ, దానంతట అదే రాలిపోవాలనీ అన్నాడు. బొట్టు రాలలేదు. ఇంజినే రాలింది.

“ఇన్నేండ్లూ ఎందుకు చెప్పలేదు చిన్నాయనా?” అన్నాను.

“ఎవని మీద చెప్పమంటావు? అమ్మవారి మీదా, మా అన్న మీదా?”

“ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సింది.”

“ఉన్నదున్నట్టంటే అంతా చెప్పాల గదా” అని ఆయన కుంకుమ గీకుతూనే అన్నాడు. “ఇంజిన్ శబ్దం మారింది అబ్బీ. నాకు వినపడింది. ఇంగ రెండు సాళ్లే గదా, అయిపోనీలే అనుకున్నా. బొట్టు కంటికి అడ్డం. చెవికి అడ్డమేముండాది?”

ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయినట్టు నటించాను, అంతే.

దినాల రోజు భోజనాల దగ్గర తమ్ముడు నలుగురి మధ్య కూర్చొని నవ్వుతూ అన్నాడు. “ఏమైనా గట్టోడప్పా మా చిన్నాయన. ఇంజిన్ మింగి ఇన్నేండ్లు అరిగించుకున్యాడు.” చిన్నాయన కొడుకు వడ్డిస్తున్నవాడు వడ్డిస్తున్నట్టే తలవంచుకొని పక్క వరుసకు వెళ్లిపోయాడు. నేను ఆకు ముందు నుంచి లేచాను. మా వైపు అది తప్పు. లేచి, మా నాయన మీటరు మీద బొట్టు పెట్టిన సంగతీ, తుడవనివ్వని సంగతీ, కట్టు విప్పితే కుంకుమ కనిపించిన సంగతీ అందరికీ వినపడేలా చెప్పాను. కన్న తండ్రి గురించి చెప్పాను. “ఇంజిన్ మింగింది మన చిన్నాయన కాదు, మన నాయన. రేపటి నుంచి ఆ పేరు నీకూ నాకూ పెట్టమను ఊరిని” అన్నాను.

తమ్ముడి ముఖం నల్లబడింది. “పోయినోళ్ల మీద ఏంటికిన్నా ఇప్పుడు?” అన్నాడు.

“నువ్వు నవ్వింది కూడా పోయినోని మీదే.”

అప్పుడు వాకిట్లోంచి చిన్నమ్మ గొంతు వినిపించింది. “శబ్దం సంగతి చెప్పలేదేం నాయనా?”

నేను ఆమె వైపు చూశాను.

“ఆయప్ప నాకూ చెప్పినాడులే. రెండు సాళ్లు. చెప్పేదైతే అది కూడా చెప్పాల” అంది. అని, పక్కనున్న వాళ్లతో “మజ్జిగ పొయ్యండప్పా, ఆకులు ఎండిపోతాండాయి” అంది.

భోజనాలు సాగాయి. ఎవరో పెరుగు బాగుందన్నారు. ఇన్నేళ్ల లెక్క అంత సేపట్లో ముగిసింది. సగం మాత్రమే చెప్పాను, అవును. రెండో సగం ఊరికి ముందే తెలుసు, నలభై ఏళ్లుగా అదొక్కటే తెలుసు. మళ్లీ అవకాశం వచ్చినా సగమే చెబుతాను.

మరునాడు పొద్దున్నే బస్సుకు బయలుదేరుతూ అరుగు మీద చెప్పులు వేసుకుంటున్నాను. చెన్నేకొత్తపల్లి వైపు మనిషి ఒకాయన మోటారు సైకిలు దిగాడు. నెత్తికి తువాలు, చంకలో గుడ్డ మూట. వీధిలో ఎదురైనవాణ్ణి అడుగుతున్నాడు. “ఏమప్పా, ఇంజిన్ మింగినోల్ల ఇల్లు యాడ?”

నేను కోపంగా లేచాను. నాకంటే ముందే చిన్నమ్మ గడపలోంచి చెయ్యి ఊపింది. “ఈడేనప్పా. రా.”

ఆయన వచ్చి మూట విప్పాడు. పాత ఆయిల్ మీటరు. “మా నాయన కాలం నాటి బండమ్మా. మా పక్క అందురూ చెప్పినారు, ఇంజిన్ మింగినోల్ల ఇంట్లో ఇస్తే ముల్లు అబద్ధం చెప్పదని. ఆ పెద్దాయన లేడా?”

“లేడప్పా. పోయినాడు. నిన్ననే దినాలు చేసినాము.”

ఆ మనిషి తువాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. నీళ్లిస్తే తాగాడు. మీటరును మళ్లీ మూట కట్టబోతే చిన్నమ్మ చెయ్యి చాచింది. “ఇంత దూరం తెచ్చినావు. ఉండనీలే.”

బండి మలుపు తిరిగాక నేను అడిగాను. “ఎవరు బాగు చేస్తారని తీసుకున్నావు చిన్నమ్మా?”

“తెలీదు నాయనా. ఈ ఇల్లు అడుక్కుంటా వచ్చినాడు గదా” అంది.

నేను చెప్పుల్లో కాళ్లు పెట్టుకొని మళ్లీ అరుగు మీద కూర్చున్నాను. ఆ పేరును చెరిపేయాలని ఆకు ముందు నుంచి లేచినవాణ్ణి. దాన్ని చెరిపేస్తే, ఎక్కడి నుంచో మూట చంకన పెట్టుకొని వచ్చే ఇలాంటి మనిషి ఏ ఇల్లని అడుగుతాడు?

చిన్నమ్మ గడప మీద కూర్చొని ఆ మీటరును పొద్దుకు ఎదురుగా పట్టుకుంది. అద్దం లోపల ఊడిపోయిన ముల్లు ఒకటి ఉంది. ఆమె మెల్లగా ఒకవైపు వంచింది. ముల్లు అటు జారింది. ఇంకోవైపు వంచింది. ఇటు జారింది. మజ్జిగ చిలికే చెయ్యిలా, ఏ తొందరా లేకుండా, ఆమె అలా వంచుతూనే ఉంది.