గుర్తుపట్టనన్న కంప్యూటరు, ఇద్దరు తోడికోడళ్ళు

చంద్రపూర్‌లో బస్టాండుకు దగ్గర్లో, ఒక బట్టల దుకాణం పై అంతస్తులో ఆడవాళ్ల కోసం కంప్యూటర్ క్లాసు నడుస్తుంది. నేనూ మా తోడికోడలూ ఒకే రోజు అందులో చేరాం. కలిసి చేరాలని అనుకుని మాత్రం కాదు. నేను చేరతానని మా ఆయనతో అంటుంటే మా అత్త విని, "పోతే ఇద్దరు పోండ్రి. ఒక్కతి పోయి ఒక్కతి ఇంట్ల ఉంటే నాకు రోజు పంచాయితి" అంది. దాంతో మాట తేలిపోయింది.

మేమిద్దరం కొట్లాడుకునేవాళ్లం కాదు. మాట్లాడుకునేవాళ్లమూ కాదు. మా ఆయన సాస్తి బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. మరిది ఘుగ్గుస్ దగ్గర సిమెంటు కంపెనీలో ఫిట్టరు. అన్నదమ్ముల షిఫ్టులు ఎప్పుడూ కలవవు కాబట్టి పగలల్లా ఇంట్లో ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు. అందుకని గొంతు తగ్గించి, కూరలో ఉప్పు వేశావా, పాలు కాచావా అని అడగడంతోనే మా ఇద్దరికీ రోజు గడిచిపోయేది.

నేను రాజురా అవతల, తెలంగాణ సరిహద్దున ఉన్న మహారాష్ట్ర పల్లెలో పుట్టి, మరాఠీ బళ్లో చదువుకున్నాను. ఇంట్లో తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. ఇప్పుడీ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అది తర్వాత ఆమె దగ్గర కూర్చుని నేర్చుకున్నదే. ఆమెది ఆదిలాబాద్. డిగ్రీ ఇంగ్లీషులో చదివింది. బళ్లో నేర్చిన హిందీ ఎప్పుడో మరిచిపోయింది, మరాఠీ ఒక్క ముక్క రాదు. కూరగాయల బండి దగ్గర కూడా వేలు చూపించి కొనుక్కొచ్చేది.

క్లాసులో మేడమ్ పాఠం మరాఠీలో చెప్పేవారు. తెర మీద వచ్చేవన్నీ ఇంగ్లీషు మాటలు. నాకు మేడమ్ అర్థమయ్యేవారు, తెర అర్థమయ్యేది కాదు. నా తోడికోడలి సంగతి దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండేది. అయినా వేరువేరు బెంచీల మీదే కూర్చునేవాళ్లం. ఆమె తెలుసుకున్నది నేను అడగలేదు, నేను విన్నది ఆమె అడగలేదు.

ఒక శనివారం మేడమ్ ఇంటికి పని ఇచ్చారు. వివరాలు పట్టికలుగా దాచుకునే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను ఇంట్లో కంప్యూటర్లో ఎక్కించుకుని, అందులో చిన్న పట్టిక ఒకటి తయారు చేసి తీసుకురావాలి. మా ఇంట్లో ఉన్న కంప్యూటరు ఒక్కటే. మరిది పెళ్లికి ముందు ఎవరి దగ్గరో కొన్న పాతది. దాని మీద అతనికి ప్రాణం. మరునాడు మధ్యాహ్నం అతను నైట్ షిఫ్టు దిగి పక్క గదిలో నిద్రపోతుంటే, మేమిద్దరం చెరో కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చున్నాం. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. అత్త కూలర్ ముందు కునుకు తీస్తోంది.

ఎక్కించడం సాఫీగానే అయింది. అయిపోయిందని తెర మీద అక్షరాలు కూడా వచ్చాయి. నల్ల విండో తెరిచి, మేడమ్ రాయించిన కమాండు కొట్టి ఎంటర్ నొక్కింది నా తోడికోడలు. కింద ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చి ఆగింది.

"ఏమంటుంది?" అన్నాను.

"గుర్తుపట్టలేదంటుంది అక్కా. గిసొంటి కమాండు నాకు ఎరుక లేదంటుంది."

"ఇప్పుడే గద ఎక్కించినం."

"అదే గద."

అక్షరాలు సరిచూసి మళ్లీ కొట్టింది. అదే మాట. పెద్దక్షరాలతో కొట్టింది. అదే మాట. సాఫ్ట్‌వేర్ తీసేసి మొదటినుంచీ ఎక్కించాం. మళ్లీ గుర్తుపట్టలేదంది. ఆమె కుర్చీ వెనక్కి జరిపి, "పాత కంప్యూటరు గద, దీనితోటి కాదు" అంది. అప్పుడు నాకు శనివారం మేడమ్ చివర్లో చెప్పిన మాటలు గుర్తొచ్చాయి.

"ఆగు చెల్లే. ఎక్కించిన సాఫ్ట్‌వేర్ తన ఫోల్డర్ల తాను కూసుంటదంట. మనం కమాండు కొడితే కంప్యూటరు అంతట దేవులాడదంట. పాత్ అని ఒక లైను ఉంటదట, దాంట్ల ఏయే ఫోల్డర్ల అడ్రసులు రాసుంటే ఆడనే చూస్తదట. మన ఫోల్డరు అడ్రసు అండ్ల లేకుంటే గుర్తుపట్టలేదనే అంటదని చెప్పింది."

ఆమె నా వైపు తిరిగింది. "మేడమ్ గిదంత చెప్పిందా? అందరు నవ్వుతుంటే ఇంటి ముచ్చట్లేవో చెప్తుందనుకున్న."

"అడ్రసు పెట్టినంక ఈ నల్ల విండో బంద్ చేసి కొత్తది తెరవాలంట. తెరిచినప్పుడు ఏం తెలుసో అదే దానికి తెలుసంట, తర్వాత మారింది తెల్వదంట."

"నాకు చెప్పుంటివి గద అక్కా."

"నువ్వు అడగలే."

తర్వాత ఆమె మౌస్ పట్టుకుని ఫోల్డర్లు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటూ పోయి, మా సాఫ్ట్‌వేర్ కూర్చున్న చోటు పట్టుకుంది. దాని అడ్రసు కాపీ చేసుకుని, కంప్యూటరు సెట్టింగుల్లోకి దిగి, పాత్ అన్న మాట మీద నొక్కింది. చిన్న పెట్టె వచ్చింది. అందులోని లైను నీలం రంగు కప్పుకుని ఉంది. అడ్రసు అక్కడ అంటించి, ఓకే, ఓకే అని నొక్కేసింది. కొత్త విండో తెరిచి కమాండు కొట్టింది.

ఈసారి పాస్‌వర్డ్ అడిగింది. ఎక్కించేటప్పుడు మేం పెట్టుకున్నది కొట్టగానే వెల్‌కమ్ అని పలికింది, కింద చిన్న గీత మెరుస్తూ నిలబడింది.

మరిది లేస్తాడని మేం నోరెత్తలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదలు. ఏం పట్టిక చేద్దామంటే, ఇంట్లో ఎవరికి ఏ షిఫ్టు అన్నదే చేద్దామన్నాను. చేసేశాం.

మేడమ్ ఇచ్చిన పనిలో ఇంకో ప్రశ్న మిగిలింది. అంతకు ముందు వారం నేర్పిన కమాండు కొట్టి, కంప్యూటరు నెట్‌వర్క్ నంబరు రాసుకురమ్మన్నారు. అది సులువని నేనే కొట్టాను. గుర్తుపట్టలేదంది. పాఠంలో బాగా పనిచేసిన ఇంకో కమాండు కొట్టాను. దాన్నీ గుర్తుపట్టలేదు.

ఆమె పెట్టె మళ్లీ తెరిచి చూసింది. అందులో మా అడ్రసు ఒక్కటే ఉంది. నీలం రంగు కప్పుకుని ఉందంటే లైనంతా ఎంపికై ఉందని అర్థం. దాని మీద అంటించడంతో అంతకు ముందున్న అడ్రసులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

ఆమె మొహం పాలిపోయింది. "ఆయన లేస్తే ఏం చెప్పాలె అక్కా. అండ్ల ఏముండెనో గూడ నాకు తెల్వదు." మేడమ్‌కు ఫోన్ చేసింది. స్విచాఫ్.

నేను తెర వైపే చూస్తున్నాను. కొత్త విండో వెనకాల మొదటి విండో అంచు కనబడుతోంది. బంద్ చేయాలని నేను చెప్పానే గానీ మా తొందర్లో దాన్ని బంద్ చేయలేదు. మేడమ్ మాట చెవిలో తిరుగుతోంది. తెరిచినప్పుడు ఏం తెలుసో అదే దానికి తెలుసు.

"చెల్లే, ఆ పాతదాంట్ల కొట్టి చూడు."

"అది ఎందుకు పనిచేస్తది?"

"దానికి ఇంక మనం చేసింది తెల్వదు."

కొట్టింది. నెట్‌వర్క్ నంబరు టపటపా వచ్చి పడింది. ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. ఈ విండో దగ్గర పాత లైను ఇంకా ఉంది. దాన్నే అడిగితే సరి. పాత్ అని ఒక్క మాట కొట్టగానే, మేం పోగొట్టుకున్న అడ్రసులన్నీ ఒకదానికొకటి అతుక్కుని నాలుగైదు వరసల్లో తెర మీద పరుచుకున్నాయి. ఇంత అందమైన అక్షరాలను నేను అంతకు ముందు చూడలేదు.

"దీన్ని ఎట్ల తీస్తవు? కరెంటు పోతే మొత్తం పోతది" అన్నాను. ఆమె అప్పటికే ఫోన్ ఎత్తి తెరను ఫోటో తీస్తోంది. సరిగా రాలేదని ఇంకోటి తీసింది. ఫోన్ కింద పెట్టి టైపు చేయబోతుంటే కూలర్ ఆగిపోయింది. తెర నల్లబడింది. ఊరి పక్కనే అంత పెద్ద కరెంటు ప్లాంటు ఉండి కూడా ఎండాకాలం మాకిది మామూలే.

చెమటకు మెలకువొచ్చి మరిది బయటికొచ్చాడు. ఆరిపోయిన కంప్యూటరు ముందు పక్కపక్కన కూర్చున్న మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఏంది, ఇద్దరు గిట్ల కూసున్నరు?"

"క్లాసు పని" అన్నాను.

"కరెంటు లేకుంటేనా?"

"వస్తది" అంది నా తోడికోడలు. ఆ గొంతులో బెదురు లేదు. అతను నీళ్లు తాగి, తువ్వాలు భుజాన వేసుకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

కరెంటు వచ్చింది. ఫోటోను పెద్దది చేసి నేను ఒక్కో అక్షరం చదివాను. ఆమె పెట్టెలో కొట్టింది. ఒక అడ్రసు అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోట చుక్కా కామా కలిసిన గుర్తు ఒకటి పెట్టాలి. నేను దాన్ని "చుక్క-కామా" అంటే ఆమె "సెమీకోలన్" అనేది. కొంతసేపటికి నేను సెమీకోలన్ అంటుంటే ఆమె చుక్క-కామా అంటోంది. పాతవన్నీ పూర్తయ్యాక చిట్టచివర మా అడ్రసు చేర్చాం. ఓకే నొక్కేముందు ఇద్దరం మొదటినుంచీ మళ్లీ సరిచూసుకున్నాం.

కొత్త విండో తెరిచి డేటాబేస్ కమాండు కొట్టాం. పలికింది. నెట్‌వర్క్ కమాండు కొట్టాం. పలికింది. తెలిసిన కమాండ్లన్నీ కొట్టాం, పనున్నవీ లేనివీ. దేనికీ లేదనలేదు. ఈసారి మేం గొంతు తగ్గించుకోలేదు. నవ్వుకు అత్త లేచి కూర్చుని, "ఏమైందే, ఎవరొచ్చిన్రు?" అంది.

తర్వాతి శనివారం క్లాసులో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. సగం మంది లాప్‌టాప్‌లు తెచ్చుకుని దిగాలుగా ఉన్నారు. అందరిదీ అదే గోడు, కమాండు గుర్తుపట్టలేదంటోందని. మేడమ్ ఒక్కరే ఎంతమంది దగ్గరికి పోగలరు. మా పట్టిక చూసి, జరిగింది విని, మమ్మల్ని లేపి నిలబెట్టారు. "తాయీ, వీళ్లకు మీరిద్దరే చూపించండి" అన్నారు మరాఠీలో, మమ్మల్ని అక్కా అని పిలుస్తూ.

వరస వరసకూ తిరిగాం. నేను మరాఠీలో చెప్పాను, ఆమె వేళ్లు నడిపింది. లైను నీలంగా కనబడిన చోటల్లా, "ముందు నీలం పోగొట్టండి, చివరికి వెళ్లి అక్కడ చేర్చండి" అని నేను గట్టిగా చెప్పేదాన్ని. ఆమె ఆ మరాఠీ మాటలు విని విని, చివరి వరసకు వచ్చేసరికి నాకంటే ముందే తనే అనేసింది. యాస వేరేగా ఉంది, కానీ ఎదురుగా ఉన్న అమ్మాయి అర్థం చేసుకుని సరిగ్గా చేసింది. ఆ అమ్మాయి లాప్‌టాప్ కూడా పలికాక గదిలో చప్పట్లు కొట్టారు. వచ్చే బ్యాచ్‌కు సాయం చేయడానికి మమ్మల్నిద్దర్నీ రమ్మన్నారు మేడమ్. అడిగింది మరాఠీలోనే. నేను తెలుగులోకి తిప్పి చెప్పేలోగానే నా తోడికోడలు "హో" అని మరాఠీలోనే ఒప్పేసుకుంది.

కిందికి దిగి బండి దగ్గర, అటుకుల మీద ఎర్రటి కారం పులుసు పోసిచ్చే తర్రి పోహా తిన్నాం. కళ్లలో నీళ్లొచ్చేంత కారం. ఆమె ఇంకొంచెం తర్రి పోయించుకుంది. స్కూటీ ఆమె నడిపింది, నేను వెనక కూర్చున్నాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తల కొంచెం వెనక్కి తిప్పి, "అక్కా, గీ మరాఠీ అక్షరాలు నాకు నేర్పు. బోర్డులన్న చదువుకుంట" అంది.

ఎదురుగా ఆకుపచ్చ బోర్డు ఒకటి ఉంది. ఒక్కో అక్షరం వేలితో చూపిస్తూ పలికించాను. ఆమె కూడబలుక్కుంది. "ద... వా... ఖా... నా." ఒక్క క్షణం ఆగింది. "దవాఖానా? గిది మనం అనే మాటనే గద అక్కా."

"మనదే" అన్నాను. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. ఆమె అప్పటికే పక్క బోర్డు మొదలుపెట్టింది.