పిలిచి పెట్టిన తిండి

తొర్రూరు పశువుల దవాఖానలో ఇరవై ఏళ్లుగా అటెండరుగా పనిచేస్తున్నదాన్ని, సెలవు పెట్టి మరీ దక్షిణాఫ్రికాలో ఒక జూకు వెళ్లి రెండు నెలలు పేడ ఎత్తి వచ్చాను. ఆ పనికి వాళ్లు పెట్టుకున్న పేరు వలంటీరు. మా దేవరుప్పుల వైపు దాన్ని వెట్టి అంటారు.

నన్ను అక్కడికి పిలిచింది మహదేవపూర్ సారు. ఒకప్పుడు మా దవాఖానలోనే పశువుల డాక్టరు, ఇప్పుడు ఆ జూలో డాక్టరు. “నీ చేతికి పశువులు జల్దిన మచ్చికైతయక్కా, రెండు నెల్లుండి పో” అన్నాడు ఫోన్లో. విమానం ఎక్కేదాకా సంబరమే. దిగిన మర్నాటి నుంచి మోకాళ్ల నొప్పులే.

పొద్దున్నే ఆరు దొడ్లు ఊడ్వాలి. తొట్లు కడగాలి, గడ్డి మోపులు మోయాలి. మధ్యాహ్నానికి నడుం నాది కాదన్నట్టు ఉండేది. చుట్టూ ఉన్నవాళ్ల ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది, నాది వాళ్లకు అదీ అయ్యేది కాదు. సారు వారానికి రెండుసార్లే కనపడేవాడు. తెలుగు మాట్లాడక దవడలు పట్టేశాయి.

ఆరో దొడ్లో ఒక జింక జాతి పిల్ల ఉండేది. మన దుప్పి పోలికే, చెవులు మాత్రం చేటలంత. తల్లిని వేటగాళ్లు చంపితే, నేను వెళ్లడానికి రెండు నెలల ముందే తెచ్చారట. నాలుగు నెలలు పెంచి అడవికి పంపేయాలి. అందుకని దానికి మనిషంటే భయం పోకూడదు. సారు నాకు మొదటిరోజే చెప్పాడు.

“మొకం సూపియ్యొద్దు, ముట్టొద్దు, నోరు తెరువొద్దు. మనిషికి అలవాటైందంటే గిది అడివిల బతకదక్కా. ఇంక జన్మంత గీ ఇనుప జాలిల్నే.”

చెక్కగోడ కింది సందులోంచి పాల బకెట్ తోసి, అది తాగేదాకా కదలకుండా నిలబడి, ఖాళీ బకెట్ లాక్కోవాలి. అంతే పని. కాని ఆ పిల్ల రాదు. దూరంగా నిలబడి చెవులాడిస్తుంది. అరగంట, ముప్పావు గంట. నేనేమో పొద్దుటి నుంచి అయిదు దొడ్లు ఊడ్చి వచ్చినదాన్ని. కూర్చోవడానికి రాయి కూడా లేదు. ఒళ్లు మండేది.

మా ఇంట్లో పశువుకు పిలవకుండా తిండి పెట్టరు. మా అత్త కుడితి గోళెం దగ్గర నిలబడి, నాలుకను అంగిట్లో తట్టి టొక్ టొక్‌మని పిలుస్తుంది. బర్రె తలెత్తి చూశాకే పోస్తుంది. “పిలువకుండ పెడితే కుక్కకేసినట్టుంటది” అంటుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి నాకూ అదే అలవాటు. మూడో రోజు అక్కడ నా నాలుక దానంతటదే ఆడింది. పిల్ల గబగబా వచ్చి తాగేసింది.

ఆ మొదటిసారి అలవాటు చేయించిన తప్పు. తర్వాతవన్నీ నేను చేసినవే. నోరు తెరవలేదు కదా, మొహం చూపలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పిలిస్తే పని అయిదు నిమిషాల్లో అయిపోయేది, పోయి నడుం వాల్చేదాన్ని. ఇంకో మాట కూడా దాచను. రోజు మొత్తంలో నా పిలుపు అర్థమయ్యే ప్రాణి అదొక్కటే.

ఏడోవారం, దానికి మనిషంటే భయం ఉందో లేదోనని పరీక్ష పెట్టారు. కొత్త మనుషులిద్దరు కంచె వెంబడి మాట్లాడుకుంటూ నడిచారు. పిల్ల ఒక్క దూకున పొదల్లో దూరింది. అందరూ నవ్వారు, సారు నా భుజం తట్టాడు. ఎల్లుండి అడవికి పంపుతామన్నారు.

ఆ అడవి అంచున మేకలు కాసేవాళ్లను నేను చూశాను. వాళ్లూ మేకల్ని నాలుక తట్టే పిలుస్తారు. వాళ్ల వెంట వేటకుక్కలుంటాయి. నేను నోరు మూసుకుంటే పిల్ల అడవికి పోతుంది, ఎవడో నాలుక తట్టగానే వాడి కాళ్ల దగ్గరికే వస్తుంది. చెప్తే దాని అడవి పోతుంది. నా నోట్లో మన్ను పడ, ఎటు చూసినా నేనే.

మర్నాడు పొద్దున చెప్పేశాను. సారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“ఏది, ఒక్కసారి పిలువు” అన్నాడు.

పిలిచాను. పొదల్లోంచి పరుగున వచ్చి, ఇద్దరం ఎదురుగా నిలబడి ఉన్నా బెదరకుండా, కంచెలోంచి మూతి చాపింది. సారు దాన్ని అడవికి పంపే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాతి వారం దాన్ని జనం చూసే వైపు జాలీలోకి మార్చారు. ఆ దొడ్డి ఊడ్చే పనీ నాకే పడింది. నేను నోరు బిగబట్టుకుని ఊడ్చేదాన్ని. అది నా చీపురు వెంటే చెవులు నిక్కించి తిరిగేది.

వచ్చేసే రోజు సారు నన్ను దాని దగ్గరికి తీసుకుపోయాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

“పిలువక్కా” అన్నాడు మెల్లగా. “ఇంక పిలువచ్చు.”