కాకినాడ రేవులో జపాను వంట, గుమ్మం దగ్గర ఒక ఆకు

నేను కాకినాడ వెళ్ళింది తిండి కోసమేనని ముందే చెప్పేస్తున్నాను. కొబ్బరికాయలు దింపడానికి అక్కడి రేవుకు వెళ్ళొచ్చిన మా ఊరి పడవవాళ్ళు ఒక సంగతి మోసుకొచ్చారు. పోలమ్మగారి పూటకూళ్ళ ఇంట్లో జపాను దేశపు మనిషి వంట చేస్తున్నాడట. పచ్చి చేపను పూరేకుల్లా కోసి పెడతాడట. తుఫానులో ఆయన పడవ కొట్టుకుపోతే తెల్లవాళ్ళ ఓడ ఏదో ఎక్కించుకుందట, రేవులన్నీ తిరిగి చివరికి ఇక్కడ తేలాడట. అది విన్న దగ్గర్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. అయితే పడవవాళ్ళు ఇంకో మాట కూడా అన్నారు. కోనసీమ మనిషి ఎవరు కనబడినా ఆ జపానాయన "ధర్మయ్య?" అని అడుగుతాడట. ధర్మయ్య మా మేనత్త నూకాలమ్మ భర్త. ఓడలో కళాసీగా వెళ్ళి నాలుగేళ్ళు దాటింది, కబురు లేదు. వచ్చే అమావాస్యకు ఆయనకు కర్మ చేయించి, అత్త చేతి గాజులు తీయించాలని మా కులపెద్దలు తీర్మానించేశారు. ఆయన ఉన్నాడో లేడో ఆ వంటమనిషికి తెలిసుంటుందని అత్త ఆశ. నా తిండియావకు ఆమె తోడొచ్చిందో, ఆమెకు నేను తోడు వెళ్ళానో ఇప్పటికీ తేల్చుకోలేను.

అమలాపురానికి దక్షిణాన, సముద్రం ఒడ్డున ఉంటుంది మా ఊరు. తొలికోడి కూతకు బండి కట్టించాం. ముక్తేశ్వరం రేవు దాకా పావలాకు ఒప్పుకున్న బండి అప్పన్న, బయల్దేరేవాళ్ళను ఎక్కడికని అడగకూడదు కాబట్టి, "దూరమేనాండీ?" అన్నాడు మర్యాదగా.

"మా ఆయన దగ్గరికి బాబూ" అంది అత్త.

"ఆయ్, అలాగేనండి" అని అప్పన్న ఎద్దుల్ని అదిలించాడు. పక్కన కాలవలో మంచు పొగలా కదులుతోంది. కొబ్బరిచెట్ల తలలు మాత్రమే పైకి కనబడుతున్నాయి, వాటికి మొదళ్ళే లేనట్టు. బండి ఊపుకు నిద్రా మెలకువా కాని మత్తొకటి కమ్మింది. అమలాపురంలో ఆగి చల్దన్నం తిన్నామని తెలుసు గానీ, కలలో తిన్నానో నిజంగా తిన్నానో గట్టిగా చెప్పలేను. తిండి విషయంలో నాకు ఇలాంటి అనుమానం రావడం అదే మొదలు.

ముక్తేశ్వరం చేరేసరికి మధ్యాహ్నం వాలింది. అక్కణ్ణుంచి గౌతమి దాటితే కోటిపల్లి. పడవకు మనిషికి ఒక కాణీ, మూటకు వేరే ఏమీ తీసుకోరు. ఎండ ఏటవాలుగా పడి ఏరంతా కరిగిన బెల్లం రంగులో ఉంది. నడిమధ్యకు వచ్చాక ఏ ఒడ్డూ దగ్గరగా అనిపించలేదు. అత్త చెయ్యి నీళ్ళలో పెట్టి అలాగే కూర్చుంది. గాజుల దాకా నీళ్ళు వచ్చేవి, పోయేవి. ఈ చేతులు బోసిపోతే నేను చూడలేనని అప్పుడే నాకు గట్టిగా అనిపించింది. చిన్నప్పుడు నాకు చేప ముల్లు తీసి అన్నం పెట్టిన చేతులవి.

ఆ రాత్రికి కోటిపల్లి సత్రంలో తలదాచుకుని, తెల్లవారి ద్రాక్షారం మీదుగా పోయే బియ్యం బండి ఎక్కాం. బస్తాల మీద కూర్చుంటే బండివాడు సగం బాడుగే పుచ్చుకున్నాడు. నడుము మాత్రం పూర్తిగా పుచ్చుకున్నాడు. పొద్దు వాలే వేళకు కాకినాడ. ఒడ్డు దగ్గర లోతు లేక పెద్ద ఓడలన్నీ దూరంగా లంగరు వేసి ఉన్నాయి. ఆ వెలుగులో అవి నీళ్ళ మీద ఉన్నాయో ఆకాశంలో ఉన్నాయో తెలియలేదు. ఎన్నో భాషలు చెవిన పడ్డాయి. ఇన్ని వీధులున్న ఊరు నేనెప్పుడూ చూడలేదు, కానీ పోలమ్మగారి ఇల్లు ఎక్కడని అడిగితే చూపించనివాడు లేడు.

పోలమ్మగారు అరవై దాటిన మనిషి. గుమ్మంలోనే ఎదురొచ్చింది. "రండమ్మా, రండి బాబూ. కాళ్ళు కడుక్కోండి."

"ఆయ్, అలాగేనండి" అన్నాను.

"కోనసీమ నుంచి వచ్చేరా?"

"ఆయ్, ఎలా తెలిసిందండీ?"

"ఆ 'ఆయ్' చాలదూ!" అని నవ్వింది.

లోపల్నుంచి వంటాయన తొంగి చూశాడు. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు వెనక్కి ముడి వేసుకున్నాడు. పోలమ్మగారు ఏదో సైగ చేయగానే గరిటె పట్టుకునే పరుగున వచ్చి "ధర్మయ్య?" అన్నాడు. అత్త తన గుండె మీద చెయ్యి వేసుకుని, తర్వాత గాజులు చూపించింది. ఆయన ఆమె ముఖం చూశాడు, గాజులు చూశాడు, నడుము వంచి చాలాసేపు దణ్ణం పెట్టాడు. మళ్ళీ గబగబా పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు. ముందు తినమని అర్థం.

తిండి సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు, నేనూ ఊరుకోలేను. పూటకు అణా. మొదట పలచటి చారు వచ్చింది. పులుపు లేదు, కారం లేదు, సముద్రపు గాలిని మరిగించి పోసినట్టుంది. రెండు గుక్కలు చప్పగా ఉందనుకున్నాను, మూడో గుక్కకు గిన్నె వదలబుద్ధి కాలేదు. తర్వాత పచ్చి చేప. వెదురు పుల్లలు రెండు ఇచ్చి వాటితో తినమన్నాడు. నా చేప ముక్క రెండుసార్లు ఆకు మీద పడి, మూడోసారి పక్కనున్న కళాసీ ఒళ్ళో పడింది. ఆయన నవ్వి తిరిగి ఇచ్చాడు. చివరికి చేత్తోనే తిన్నాను. నాలుక మీద చల్లగా పడి, నమలక ముందే కరిగిపోయింది. కులపెద్దలు చూస్తే నాకూ ఏదో ఒక కర్మ చేయించేవారు.

అత్త చారు ముట్టుకోలేదు. అప్పుడు ఆయన ఆమె ముందు అన్నంలో చేపల పులుసు పోశాడు. మామూలు పులుసే. ఆమె ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఒరే, ఇది నా పులుసురా. దించే ముందు వేయించిన మెంతులు నలిపి, తాటిబెల్లం ముక్క వేసేది మన ఊళ్ళో నేనొక్కదాన్నే. మీ మావయ్యే ఈయనకు నేర్పుంటాడు."

ఆమె కళ్ళు వెలిగిన వెలుగు నేను మర్చిపోలేను. ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు. వంటాయన ఇంకో ఆకు తెచ్చి సముద్రం వైపు గుమ్మం దగ్గర ఎవరూ లేనిచోట వేశాడు. కంచు గిన్నె నిండా వేడన్నం పెట్టి మూత వేశాడు. పక్కన పులుసు పోశాడు. మంచినీళ్ళు పెట్టాడు.

"అదెవరికండీ?" అంది అత్త.

"ధర్మయ్య" అన్నాడాయన.

లేని మనిషికి ఆకు వేసి వడ్డించడమంటే మన ఇళ్ళలో అర్థం ఒక్కటే. పోయినవాళ్ళకే అలా పెడతాం. అత్త ఎడమచేతి గాజుల్ని నేలకేసి కొట్టబోయింది. వంటాయన ఒక్క దూకున వచ్చి తన అరచెయ్యి కింద పెట్టాడు. గాజులు ఆ అరచేతి మీద పడ్డాయి, పగల్లేదు. ఆయన తల అడ్డంగా ఊపుతూ తన భాషలో గడగడా ఏదో చెప్పాడు, మధ్యలో "వస్తాడు, వస్తాడు" అని తెలుగులో.

పోలమ్మగారు అత్త భుజాలు పట్టుకుంది. "అయ్యో, కాదమ్మా! నేనూ మొదట్లో నీలాగే భయపడ్డాను. వాళ్ళ దేశంలో దూరం వెళ్ళిన మనిషికి ఇలా పెడతారంట. బతికున్నవాళ్ళకే పెడతారు. ఎక్కడున్నా ఆకలి తెలీకుండా తిరిగి రావాలని. ఈయనా మీ ఆయనా ఒకే ఓడలో పని చేసేరు. పినాంగు రేవులో మీ ఆయన ఇంకో ఓడ ఎక్కేడంట, ఇంకా తూర్పుకి. ఈయనతో 'నువ్వు కాకినాడలో ఉండు, నేనక్కడికే వస్తాను' అన్నాడంట. అందుకే ఈయన ఇక్కడ కనిపెట్టుకుని ఉన్నాడు."

వంటాయన గుమ్మం దగ్గరికి వెళ్ళి, గిన్నె మూత రెండు చేతులతో తీసి, తిరగేసి అత్తకు చూపించాడు. మూత లోపలంతా నీటి బొట్లు. దీపం వెలుగు ఒక్కో బొట్టులో ఉంది.

"ఆ చెమ్మ ఉందంటే మనిషి క్షేమమని వాళ్ళ నమ్మకం" అంది పోలమ్మగారు. "రోజూ చూస్తాడు. రోజూ ఉంటుంది."

అత్త ఆ మూతను చాలాసేపు చూసింది. వేలితో ఒక బొట్టు తాకింది. తర్వాత వచ్చి తన ఆకు ముందు కూర్చుని పులుసన్నం మొత్తం తింది, మారు అడిగి మరీ తింది. నాలుగేళ్ళలో ఆమె మారు అడగడం నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, పొయ్యి పొగ మీదికి నెట్టేశాను.

అమావాస్య నాడు పెద్దలు మా అత్త ఇంటికి వచ్చారు. అప్పటికే ఆమె గుమ్మం దగ్గర ఆకు వేసి, గిన్నెలో అన్నం పెట్టి మూత వేసి ఉంచింది. విన్నదంతా చెప్పింది. "రుజువేంటమ్మా?" అన్నాడు వాళ్ళలో ముఖ్యుడైన పెద్దయ్య. ఆయనా ఒకప్పుడు ఓడల మీద తిరిగినవాడే. అత్త మూత తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన ఆ బొట్లకేసి చూస్తూ ఉండిపోయాడు. "సరేనమ్మా. గాజులు ఉండనీ" అని మూత తిరిగి గిన్నె మీద జాగ్రత్తగా పెట్టి లేచాడు.

ఆ ప్రయాణం ఇప్పటికీ నాకు మంచులో చూసినదానిలాగే గుర్తుంది. ఒక్క ఆ మూత మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. వేడన్నం మీద మూత వేస్తే ఎవరింట్లోనైనా చెమ్మ పడుతుంది. అది నాకు తెలుసు, పెద్దయ్యకు తెలుసు, ఇన్నేళ్ళుగా వండుతున్న అత్తకు అందరికంటే బాగా తెలుసు. అందుకే ఆమె పూటపూటకూ కొత్తగా వండుతుంది, ఆ గిన్నెను చల్లారనివ్వదు.

మీరూ వెళ్ళాలనుకుంటే ఒక్క సలహా. పోలమ్మగారి ఇంట్లో ఎంత రద్దీగా ఉన్నా, సముద్రం వైపు గుమ్మం దగ్గర ఖాళీగా ఉన్న ఆకు ముందు కూర్చోకండి. ఒకవేళ మీరున్న పూటే ఎవరైనా ఒడ్డు దిగి తిన్నగా ఆ ఆకు దగ్గరికి వస్తే, ఆయన పేరు ధర్మయ్యేనా అని అడగండి. అవునంటే, ఇంటి దగ్గర కూడా అన్నం వేడిగానే ఉందని చెప్పండి.