అమ్మ కుట్టకుండా వదిలిన జాకెట్లు

అమ్మ శ్రావణమాసం మొదట్లో చనిపోయింది. ఆడవాళ్ల జాకెట్లు కుట్టే మనిషి పోవడానికి అంతకంటే తప్పు సమయం ఏడాది మొత్తంలో ఉండదని ఆ తర్వాతి పదిహేను రోజుల్లో నాకు చాలామంది అర్థమయ్యేలా చేశారు. నోటితో మాత్రం ఎవరూ అనలేదు. మా గల్లీ వాళ్లు అంత మర్యాద లేనివాళ్లు కాదు.

అప్పుడు నాకు పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్. ఖిలా వరంగల్ వెళ్లే రోడ్డు నుంచి లోపలికి తిరిగే గల్లీలో మా ఇల్లు. రెండు గదులు. ముందు గదిలో కిటికీ కింద అమ్మ కుట్టుమిషన్. నాన్నను నేను బాపు అనేదాన్ని. ఆయన పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి కేసముద్రం మార్కెట్ యార్డుకు వెళ్లి, వడ్ల బస్తాలు మోసి, సాయంత్రం రైలుకు వచ్చేవాడు. మా ఇంట్లో మోసే పని ఆయనది, మాట్లాడే పని అమ్మది. ఒక రోజు అమ్మకు జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. దవాఖానలో చేర్చాం. ఆరో రోజు అంతా అయిపోయింది. ఇంతకంటే వివరంగా, మొదటి రోజు నుంచి వరసగా చెప్పమని వచ్చినవాళ్లందరూ అడిగేవారు. చెప్పి చెప్పి నాకది కంఠతా వచ్చేసింది. ఫిజిక్స్ అంత బాగా ఎప్పుడూ రాలేదు.

మూడోరోజు పిట్టకు పెట్టారు, కాకి ముడుతుందని. కాకి ఎంతకీ రాలేదు. పాలకుర్తి నుంచి వచ్చిన మా పెద్దమ్మ, అంటే అమ్మ అక్క, అందరికీ వినపడేలా అంది: "బిడ్డ మీద రంది పెట్టుకున్నది. పెండ్లి మంచిగ జేస్త అని మాటియ్యి మరిదీ."

బాపు చేతులు జోడించి మాటిచ్చాడు. కాకి అప్పటికీ రాలేదు. నా పెళ్లి మీద దానికి పెద్ద ఆసక్తి ఉన్నట్టు లేదు. నాకైతే ముందు గదిలో మేకులకు వేలాడుతున్న సంచులు గుర్తొచ్చాయి. పెళ్లిళ్లకు, వ్రతాలకు కుట్టమని ఇచ్చిపోయిన జాకెట్ గుడ్డలు. పంతొమ్మిది సంచులు. అమ్మకు రంది, బెంగ అంటూ ఉంటే అదే అయి ఉంటుంది. పైకి అంటే బుద్ధి లేదంటారని ఊరుకున్నాను. కాసేపటికి కాకి తనకు ఆకలైనప్పుడు వచ్చి, గారె ముక్క ఒకటి తీసుకుని వెళ్లిపోయింది.

నాలుగోరోజు పొద్దున మొదటి ఆమె వచ్చింది. గుమ్మంలోనే నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చింది. అబద్ధం కాదు, నా భుజం తడిసింది.

"బంగారమసొంటి మనిషి గదా బిడ్డా! గిట్లయితదని ఎవలనుకున్నరు?"

నేను కదలకుండా నిలబడ్డాను. ఆమె ఏడుపు మెల్లగా తగ్గింది. తల నా భుజం మీదే ఉంది గానీ, చూపు గోడకున్న సంచుల మీదికి పోయిందని నాకు తెలిసిపోయింది.

"ఇప్పుడు అడగొద్దు గానీ బిడ్డా... నా ఆకుపచ్చది అయ్యిందా?"

కాలేదు. అసలు అందులో ఆకుపచ్చది ఎక్కడుందో నాకు తెలియదు. అమ్మకు పేర్లు గుర్తుండేవి కావు. ప్రతి సంచికీ ఒక చీటీ గుచ్చి, మనిషి గుర్తు రాసుకునేది. మేడ మీద ఉండే ఆమె, పొడుగు టీచరమ్మ, పాలవ్యాన్ ఆయన భార్య, ఇలా. మంచి పద్ధతే, తను బతికున్నంత వరకు. నేను అందిన సంచి దించి చీటీ పైకి చదివాను.

"మూడుసార్లు విప్పించే ఆమె."

ఆమె ముక్కు తుడుచుకోవడం ఆపేసింది. "ఎవలు?"

"మీది కాదాంటీ, ఇంకెవరిదో" అంటూ సంచి తెరిచాను. లోపల ఆకుపచ్చ గుడ్డ. ఆమె దాన్ని చంకలో పెట్టుకుని, అమ్మ మంచితనం గురించి ఇంకేమీ చెప్పకుండా వెళ్లిపోయింది. ఆ తర్వాత చీటీలు మనసులో చదువుకోవడం నేర్చుకున్నాను.

రోజుకు ఇద్దరు ముగ్గురు వచ్చేవారు. అందరూ ముందు ఏడ్చేవారు, తర్వాత అడిగేవారు. మధ్యలో నాకు సలహాలు. "ఏడ్వు బిడ్డా, లోపల పెట్టుకుంటే పానం ఖరాబైతది" అని ఒకామె. ఆమె గేటు దాటకముందే ఇంకొకామె, "ఏడ్వకు బిడ్డా, అమ్మకు శాంతి ఉండది." ఎవరి మాట వినాలో తేల్చుకోలేక నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్లేదాన్ని. అందరూ కలిసి ఒప్పుకున్న విషయం ఒక్కటే: "ఇగ మీ బాపుకు నువ్వే తల్లివి." పదహారేళ్లకు నాకు నలభై ఐదేళ్ల కొడుకు పుట్టాడు. ఆ కొడుకేమో పొద్దంతా అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్ల చెప్పులు చూస్తూ ఉండేవాడు.

నిజానికి నాకు ఏడుపు రాలేదు. దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచి ఆకలి బాగా వేసేది, పడుకోగానే నిద్ర పట్టేది. ఈ రెండూ ఎవరితోనూ చెప్పుకోలేనంత సిగ్గుగా ఉండేవి. తల్లి పోయిన పిల్ల రెండోసారి అన్నం పెట్టించుకుంటుందా? నేను పెట్టించుకున్నాను. పెద్దమ్మ ఏమీ అనకుండా వడ్డించింది. ఆ ఏమీ అనకపోవడం కూడా నాకు తిట్టులాగే వినిపించింది.

పెద్దకర్మ అయిన మర్నాడు గల్లీ చివర పిండిగిర్ని నడిపే ఆమె వచ్చింది. ఏడవలేదు. గుమ్మంలో చెప్పులు విడిచి నేరుగా అడిగింది.

"ఆదివారం మా బిడ్డ ఎంగేజ్‌మెంట్ ఉన్నది. నా పట్టు జాకెట్ ఎందాకొచ్చింది?"

చూస్తే, గుడ్డ కోసేసి ఉంది. లైనింగ్ వేసి మెడ కుట్టడం అయిపోయింది. చేతులు, పక్కలు మిగిలాయి.

"కోసిన గుడ్డ ఇంకొకలు ముట్టరు" అంటూ ఆమె ఆ పట్టు ముక్కల్ని చూసిన చూపు, అప్పటిదాకా మా ఇంట్లో జరిగిన నష్టమంతా అదొక్కటే అన్నట్టుంది. నాకు ఒళ్లు మండింది.

"నేను కుడతా" అన్నాను.

పెద్దమ్మ లోపలి నుంచి తొంగిచూసింది. "నీకు కుట్టొస్తదా?"

కాజాలు కుట్టడం వచ్చు. హుక్కులు వేయడం వచ్చు. చీరలకు ఫాల్ కుట్టాను. జాకెట్ కూడా ఇలాంటిదే ఏదో అయి ఉంటుందనుకున్నాను. గిర్ని ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, "గురువారం వస్త" అని వెళ్లిపోయింది.

రెండు రోజులు కూర్చున్నాను. కొలతకిచ్చిన ఆమె పాత జాకెట్‌ను పక్కన పరుచుకుని, దారం తెగినప్పుడల్లా మిషన్‌ను తిడుతూ కుట్టాను. అమ్మ ఎప్పుడూ మిషన్‌ను తిట్టలేదు. అమ్మకు దారం తెగేది కాదు. బుధవారం సాయంత్రానికి హుక్కులతో సహా అయిపోయింది. ఇస్త్రీ చేసి హ్యాంగర్‌కు తగిలించి, దూరం నుంచి చూసుకున్నాను. ఇంత సులువైన పనికి అమ్మ ఇన్నేళ్లు నడుం నొప్పి అని ఎందుకు చెప్పేదో అనిపించింది.

గురువారం ఆమె వచ్చి, లోపలి గదిలో వేసుకుని బయటికొచ్చింది. చెయ్యి లేపింది. చెయ్యితోపాటు జాకెట్ మొత్తం పైకి లేచింది.

"గిదేంది?"

నేను అంచు పట్టుకుని కిందికి లాగాను.

"కుడి చెయ్యి ఎడమకు పెట్టినవ్, ఎడమది కుడికి పెట్టినవ్. ముందటికి రావాల్సిన వంపు ఎనుకకు పోయింది. చూసుకోవా?"

పెద్దమ్మ అడ్డం వచ్చింది. "పోనీ అమ్మా, తల్లి లేని పిల్ల."

"తల్లి లేకుంటే కండ్లు గూడ లేవా? కుడతా అని నేనన్ననా, ఆమె అన్నదా? వాళ్లమ్మ గిట్ల కుట్టి ఇచ్చేదా? ఇయ్యకపోయేది." ఆమె లోపలికి వెళ్లి జాకెట్ మార్చుకుని వచ్చి, దాన్ని నా ఒళ్లో పడేసింది. "కూసో. విప్పు."

పదిహేను రోజుల తర్వాత ఒక మనిషి నన్ను తిట్టింది. నాకు విపరీతమైన కోపం వచ్చింది. కోపంతోనే బ్లేడ్ తీసుకుని విప్పడం మొదలుపెట్టాను. నాలుగు కుట్లు విప్పానో లేదో, కళ్ల ముందు దారం కనపడటం మానేసింది. ఏడుపు అంత చప్పుడుగా వస్తుందని నాకు తెలియదు. అరుగు మీది నుంచి బాపు లేచి గుమ్మం దాకా వచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియక అక్కడే నిలబడిపోయాడు.

గిర్ని ఆమె ఓదార్చలేదు. "గుడ్డ మీద పడనియ్యకు, పట్టు మరకైతది" అని జాకెట్ నా ఒళ్లోంచి లాక్కుంది. మూలనున్న పాత లంగా ముక్క ఒకటి నా చేతిలో పెట్టి, నా పక్కనే కింద కూర్చుని మిగిలిన కుట్లు తనే విప్పసాగింది. నేను ఎంతసేపు ఏడ్చానో గానీ, ఆమె రెండు చేతులూ విప్పడం పూర్తయింది.

"మీ అమ్మ మొదలుపెట్టినప్పుడు ముందుగాల నాదే కుట్టింది" అంది, దారపు ముక్కలు ఏరుతూ. "సంకల కింద పట్టేసింది. నేను ఊకున్ననా? కొట్లాడిన. ఆమె గూడ ఏడ్చింది. ఏడ్చుకుంటనే మంచిగ చేసిచ్చింది."

అమ్మకు ఒకప్పుడు కుట్టు సరిగా రాదని నాకు ఎవరూ చెప్పలేదు. అప్పటిదాకా వచ్చినవాళ్లంతా దేవత గురించే మాట్లాడారు. ఆ దేవత ఎవరో నాకు తెలియక వింటూ ఉండిపోయాను.

మళ్లీ కుట్టాను. ఆమె పక్కనే కూర్చుని, గుండుసూదులు పెట్టాల్సిన చోటల్లా వేలు పెట్టి చూపించింది. శనివారం తీసుకెళ్లింది. ఏడాది దాకా శుభకార్యాలకు వెళ్లకూడదు కాబట్టి మేం ఎంగేజ్‌మెంట్‌కు పోలేదు. ఆదివారం మధ్యాహ్నం బగారన్నం, కోడికూర మా ఇంటికే వచ్చాయి. తెచ్చినామె ఒక కబురు కూడా తెచ్చింది.

బాపు తింటూ అడిగాడు. "ఏమంటాంది గిర్ని ఆమె?"

"ఎడమ చెయ్యి ఇంకా జర పట్టినట్టుందట బాపూ."

"విప్పుతవా మరి?"

"ఇగ నాతోని కాదు."

ఆయన నవ్వాడు. పెద్దమ్మ ఉలిక్కిపడింది. నవ్వు మధ్యలోనే ఎటో తిరిగిపోయింది. ఆయన లేచి నల్లా దగ్గరికి వెళ్లి చాలాసేపు చెయ్యి కడుక్కున్నాడు. వచ్చి కూర్చుని ఇంకొంచెం కూర వేయమన్నాడు. వేశాను. మర్నాడు పొద్దున ప్యాసింజర్‌కు వెళ్లిపోయాడు.

మిగిలిన సంచులు ఒక్కొక్కటే వేరే టైలర్ల దగ్గరికి వెళ్లిపోయాయి. మిషన్ ఉంది. నేను దాని మీద ఫాల్ తప్ప ఇంకేమీ కుట్టనని ప్రకటించాను. ఎవరూ బతిమాలలేదు.

ఆ సోమవారమే నేనూ కాలేజీకి వెళ్లాను. అక్కడ జాలి మళ్లీ కొత్తగా మొదలైంది. రికార్డు రాయకపోయినా పరవాలేదన్నారు ఫిజిక్స్ సార్, ఆ మాట అనడం జీవితంలో మొదటిసారి అన్నట్టు గొంతు సవరించుకుని. క్లాసంతా దవాఖానలో రోగితో మాట్లాడినట్టు నాతో మెల్లగా మాట్లాడింది. నా బెంచీ దోస్తు, ఫస్టియర్ మొదలైన రోజు నుంచి కిటికీ సీటు కోసం నాతో కొట్లాడిన పిల్ల, ఆ సీటు ఖాళీగా ఉంచి, తన నోట్సులన్నీ వరసగా పేర్చి పెట్టింది.

లంచ్‌లో అడిగాను. "నన్ను జర తిట్టరాదే."

"ఏమైందే నీకు? దేనికి తిట్టాలె?"

"నీ కెమిస్ట్రీ నోట్స్ మీద పచ్చడి పడ్డది."

జోక్ అనుకుని నవ్వబోయింది. తర్వాత నోట్స్ చూసింది. నా వీపు మీద ఒక్కటి చరిచి, కాలేజీ తెరిచిన రోజు నుంచి నేను చేసిన తప్పులన్నీ ఏకరువు పెట్టింది. నేను ఆమె డబ్బాలోంచి రెండో చపాతీ తీసుకున్నాను.