ఆషాఢంలో రాగుల పాతర

మా అవ్వ లెక్కలో కష్టాలన్నీ ఒకటి కావు. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు బస్సు తప్పినా ప్రాబ్లం అంటారు, వాన తప్పినా ప్రాబ్లం అంటారు. అవ్వ అట్లా కాదు, చేటలో రాళ్లు ఏరినట్టు ఏరి దేనికి దానికి పేరు పెట్టేది. ఇద్దరు పట్టుబట్టి లాగితే ఇరకాటం, ఒకరు వదిలితే అదే వదులవుతుంది. చిక్కు అంటే జుట్టుదీ దారందీ, ఓపికుంటే విడిపోతుంది. ఊబిలో పడ్డవాడు కొట్టుకోకూడదు, కదలకుండా నిలబడి కేకెయ్యాలి. "పేరు తెలిస్తే దారి తెలుస్తాది రా" అనేది.

నాకు పెళ్లయిన ఏడాది నేను పడినదానికి మాత్రం ఆమె కూడా కాసేపు తడుముకుంది.

అప్పటికింకా మా రాష్ట్రాన్ని మైసూరు అనేవాళ్లు. మాది చింతామణి దగ్గర పల్లె. నా భార్య పుట్టిల్లు బాగేపల్లిలో దిగి రెండు మైళ్లు నడిస్తే వస్తుంది. పెళ్లయి మూడు నెలలు కాకముందే ఆషాఢం వచ్చింది, పుట్టింటివాళ్లు వచ్చి ఆమెను తీసుకుపోయారు. ఆ నెల కొత్త కోడలు అత్తింట ఉండకూడదు, కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. పోతూ పోతూ మా మామ నా మొహంలో ఏం చూశాడో ఏమో, "తొక్కితివా, శ్రావణం గూడా అయినంకే పంపిస్తా అల్లుడా" అని ఒక మాట వేసిపోయాడు.

ఆమె పోయినాక విసుర్రాయి అవ్వ చేతికొచ్చింది. ఆమె తిప్పితే పాడే రాయి, అవ్వ తిప్పితే మూలిగేది. అదే పిండి, అదే కుండలో కెలికిన సంగటి, సగం ముద్ద తట్టలోనే మిగిలేది. పన్నెండు దినాలు ఓర్చుకున్నాను. పదమూడో దినం బాగేపల్లి సంతలో ఎద్దును చూసొస్తానన్నాను.

"యా ఎద్దు రా?" అంది అవ్వ.

"కర్రెద్దు, అవ్వా."

"కొమ్ములుండాయా?"

"ఉండాయి."

"పైలం. పొడుస్తాది."

ఆ రోజు గాలి ఎట్లాంటిదంటే, చింతామణిలో బస్సు ఎక్కుతుంటే నా తలగుడ్డ ఎగిరిపోయింది. బాగేపల్లిలో దిగి చూస్తే తుమ్మచెట్టుకు తగులుకొని నాకోసం కాచుకొని ఉంది. నమ్మనివాళ్లు ఒక ఆషాఢం మా వైపు వచ్చి తలగుడ్డ కట్టుకొని చూడండి.

దారి పొడుగునా నేను తేల్చుకున్న న్యాయం ఒకటే. గడప తొక్కకూడదన్నారు గాని గోడ దూకకూడదని ఎవరూ అనలేదు. మామ చెనక్కాయలు విత్తే చేను దగ్గర ఉన్నాడు. నేను ఇంటి వెనక్కు పోయి, దొడ్డిగోడ ఎక్కి, కింద పరిచిన చాప చూసి, మెత్తగా ఉంటుందని దాని మీదికే దూకాను. చాపతోపాటు నేలలోకి పోయాను.

అది రాగుల పాతర. మూతి మనిషి పట్టేంత, లోపల కడుపు కుండలాగా ఉబ్బి చిన్న గదంత. ఇంట్లో గింజలు అయిపోతే బండ తీసి, ఒక పగలంతా లోపలి వేడిగాలి పోనిచ్చి, దీపం దించి, అది ఆరకుంటే గాని ఎవరూ దిగరు. నా పుణ్యం బాగుండి అదంతా ముందు రోజే అయింది. మూతిలో కోళ్లు పడకుండా చాప కప్పారు. అల్లుళ్లు పడతారని వాళ్లు అనుకోలేదు.

మోకాళ్లదాకా రాగులు. ఎక్కబోతే కాలికింద జారిపోతున్నాయి. ఊబి అనుకొని కదలకుండా నిలబడ్డాను, కేకెయ్యడానికి మాత్రం నోరు రాలేదు. పైన గంజి వార్చే సిబ్బి అంత ఆకాశం. అందులోకి ముందు గేదె తల వచ్చింది, తర్వాత ఆమె తల.

"ఎవరూ?"

"నేనే."

నవ్వు మింగుతున్న గొంతుతో, "గడప యాడుండాదో తెలీదా మీకు?" అంది.

"తెలిసే కదా ఇట్లొచ్చినాను. తాడెయ్యి."

"మా నాయన చూస్తే శ్రావణం గూడా నేనీడే."

"అందుకే అంటాండా. బిరీన ఎయ్యి."

ఆమె కదల్లేదు. పాతర అంచున కూర్చుంది. "ఏస్తాలే. పైకొస్తే పోతారు కదా. రవ్వంతసేపు ఆడే ఉండండి."

ఉన్నాను. విసుర్రాయి సంగతి, కర్రెద్దు సంగతి, కొమ్ముల సంగతి, అంతా చెప్పాను. ఆమె మొహం నాకు సరిగా కనబడలేదు, వెనక వెలుతురు. గాజుల చెయ్యి ఒకటి లోపలికి వేలాడదీసింది. ఎగిరితే అందేది కాదు, అయినా రెండుసార్లు ఎగిరాను.

అంతలో మా అత్త వచ్చింది. ఆమె అల్లుడితో నేరుగా మాట్లాడే మనిషి కాదు. గేదె ముందర నిలబడి దానితో మాట్లాడింది.

"ఏమే ఎనుమా, పాతరలో పందికొక్కు పడినట్లుండాదే! ఇంటాయన వంక దాటినాడు, వస్తాండాడు. చూస్తే కట్టె ఎత్తుకుంటాడు. నేను బాయికి పోయి రెండు బిందెలు తెస్తా, అంతలోకి పందికొక్కు గోడ దూకి పోయుండల్ల. వచ్చే నెల అయితే వాకిట్లోనించి రానీ, చెక్కిలాలు పెడతానని చెప్పు."

అత్త అటు పోగానే నా భార్య గేదె గుంజకు తాడు కట్టి లోపలికి వేసింది. పైకొచ్చాను. మధ్య మూరెడు దూరం. ఆమె నా చెవిమీది రాగిగింజ ఒకటి తీసింది, రెండోది తీయబోయింది. వాకిట్లో మామ దగ్గు వినబడింది.

"ఎన్ని దినాలు?" అంది.

"పదిహేడు" అని గోడ దూకాను.

ఇల్లు చేరగానే అవ్వ ఎద్దు ఏదని అడగలేదు. నా చొక్కా మడతలోంచి గింజ తీసి కొరికింది. "మన రాగులు కాదే. పాతర వాసన." జరిగినదంతా కక్కించి, చాలాసేపు ఆలోచించింది. ఇరకాటం కాదు, చిక్కు కాదు, ఊబి సగమే.

"కుడితిలో పడిన ఎలుక" అని చివరికి తేల్చింది. "ఎలుక పడేది తాగేకే కదరా. తాగినావా, ల్యాదా?"

నా చెయ్యి చెవిమీదికి పోయింది. అవ్వ నవ్వి ఆ గింజ మింగేసింది.

ఇన్నేళ్లకు ఇప్పుడు మళ్లీ ఆషాఢం. మేము పాప అని పిలిచే మా కూతురి కాన్పుకని నా భార్య చిక్కబళ్లాపురం పోయి ఇరవై రెండు దినాలు. ఇప్పుడు కట్టుబాటు లేదు, మామ లేడు, బస్సులు ఎన్నో. కానీ ఇంటినిండా పట్టుపురుగులు, ఆకు మాని కుబుసం విడిచే చివరి జ్వరం లేచి రాత్రీ పగలూ ఆకు మేస్తున్నాయి. గూళ్లు కట్టేదాకా కాలు బయట పెట్టలేను. వాన పడుతున్నట్టు అవి మేసే చప్పుడు వింటూ, దీన్నేమనాలా అని ఎప్పుడో పోయిన అవ్వను అడుగుతుంటాను.

నిన్న కార్డు వచ్చింది. నా భార్యకు రాయడం రాదు, పాప రాసింది. అందరూ క్షేమం, పురుగులు జాగ్రత్త, ఎద్దును చూసేకి ఎప్పుడు వస్తారని అమ్మ అడుగుతాంది.

కింద ఇంత మూలలో పాప సొంతంగా రాసింది: "యా ఎద్దు, నాయనా?"